మోకు మంగ కోసిందా?

61వ ఏడు, 22వ వారం, సోమవారం

పోయిన వారం సంచిక తొమ్మిది వందల కాపీలు వేశాం. నాలుగు వందల పన్నెండు కట్ట విప్పకుండానే తిరిగొచ్చాయి.

కాపీలు తిరిగి రావడంలో వింత లేదు. నీటి మీద తేలే మా నావూరులో కాగితం నాచుతో చేసుకోవాలి కాబట్టి పాత సంచిక తెచ్చిస్తేనే కొత్తది ఇస్తాం, పాతదాన్ని నానబెట్టి మళ్ళీ కాగితం చేస్తాం. కానీ చదివిన పుస్తకం చేపల వాసన వేస్తుంది. మూలలు నలిగి ఉంటాయి, పిల్లలు మంగకు మీసాలు గీసి ఉంటారు. ఈ కట్టలు సిరా వాసనే వేస్తున్నాయి. పడమటి తెప్పల వాళ్ళు వాటిని మా గుమ్మం ముందు పడేసి, పలకరించకుండా వెళ్ళిపోయారు.

ఈ పనిపుస్తకం ఇవాళ్టి నుంచి నేను రాయాలి. నా పేరు మైలపల్లి నూకరత్నం. ‘మోకు మంగ’ బొమ్మల పత్రికలో పద్నాలుగేళ్ళుగా బుడగల్లో మాటలు రాసే పని నాది. కథ అల్లి బొమ్మలు గీసే సింహాచలం మాస్టారు పోయిన శుక్రవారం కుంచె కింద పెట్టేశారు. చేతులు వణుకుతున్నాయన్నారు. ఆ చేతులు నాలుగేళ్ళుగా వణుకుతూనే ఉన్నాయి. ఇంక కథా, బొమ్మా, మాటా అన్నీ నావే.

మంగ మన ఇరవై రెండు తెప్పల్నీ కలిపి ఉంచే మోకుల్ని కాచే పిల్ల. ఊరు నీటి మీదికి వచ్చిన మొదటి ఏడు, పిల్లలకు ముళ్ళు నేర్పడానికి ఎవరో గీశారు. ముళ్ళు నేర్చుకున్నాక కూడా పిల్లలు మంగను వదల్లేదు. వాళ్ళకు మనవలు పుట్టినా మంగకు ఇంకా పదహారే. చివరి పేజీలో ఇప్పటికీ ‘ఈ వారం ముడి’ ఉంటుంది: తుపానులో ఏ మోకు బిగించాలి, ఏ హెచ్చరిక కూతకు ఎవరు ఏ తెప్ప మీదికి దాటాలి. కూతలు ప్రతి ఏడూ మారతాయి. వాటిని ఊరికి చెప్పేది ఆ పేజీ ఒక్కటే.

గొడవంతా 2904వ సంచికతో మొదలైంది. తుపానులో ఒక తెప్ప మునుగుతూ మిగతావాటిని కిందికి లాగుతుంటే, మంగ గొడ్డలి తీసుకుని మోకు కోసేసింది. ఎప్పుడో నిజంగా పోయిన ఏడో తెప్ప లాగే, నలభై మందితో ఆ తెప్ప కొట్టుకుపోయింది. మంగ చచ్చినా కొయ్యదు, అది మంగే కాదు అనేవాళ్ళు ‘కట్టు’ వాళ్ళయ్యారు. కోసింది, కోసి తీరాలి అనేవాళ్ళు ‘కోత’ వాళ్ళయ్యారు. నాలుగున్నరేళ్ళ కిందటి మాట ఇది. ఇప్పుడు వియ్యానికి కూడా ముందు అదే అడుగుతున్నారు.

మధ్యాహ్నం సభ పెద్ద వరాలమ్మ వచ్చి, తిరిగొచ్చిన కట్టల మీదే కూర్చుంది. తుపాను రోజులకు తొమ్మిది వారాలుందని గుర్తు చేసింది.

“నీ మంగ కోస్తే నాకేటి, కట్టుకుంటే నాకేటి రత్నమ్మా. నాకు ఎనకాల పేజీ కావాల. అది సదవకపోతే మనుషులు పోతారు. ఊరంతా మళ్ళీ ఒకే పుస్తకం సదివేలాగ సెయ్యి.”

ఎలా చెయ్యాలో చెప్పలేదు.

22వ వారం, గురువారం

వలల షెడ్డులో రెండు పక్షాల వాళ్ళనూ కూర్చోబెట్టాను. మధ్యలో నడవడానికి దారి వదిలి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. పెళ్ళిలో రెండు వైపుల వాళ్ళ మధ్య కూడా అంత ఎడం చూడలేదు.

సలహాలకు లోటు లేదు. 2904 అంతా మంగకు వచ్చిన పీడకల అని రాయమన్నారు కొందరు. పడమటి తెప్పలకు కొయ్యని మంగను, తూర్పు తెప్పలకు కోసిన మంగను వేరువేరుగా అచ్చు వెయ్యమన్నాడొకాయన. మంగను పెద్దదాన్ని చేసి పెళ్ళి చెయ్యమన్నారు. మంగను చంపేసి కొత్త పిల్లను తెమ్మన్నారు. అన్నిటికీ తల ఊపాను. ఏదో ఒకటి చేస్తే సరిపోతుందన్న ధీమా అప్పటికి నాకుంది.

కట్టు వాళ్ళ తరఫున మోకు పెద్ద గనగళ్ళ తాతారావు లేచాడు. ఊళ్ళో మోకులన్నీ ఆయన మాట మీదే బిగుస్తాయి, వదులవుతాయి. యాభై ఆరేళ్ళ మనిషి. ఎప్పుడూ అరవడు.

“నాకు పన్నెండేళ్ళప్పుడు ఏడో తెప్ప పోయింది. మాయమ్మ దాని మీదే ఉంది. మోకు తెగిపోయిందని సభ పుస్తకంలో రాసుంది. సముద్రం తెంపిందంటే సముద్రాన్ని తిట్టుకుంటాను. మనిషి కోసేడంటే, ఈ ఊర్లో ఎవులింట్లో అన్నం తినాల నాను?”

కోత వాళ్ళ వరసలోంచి సత్యవేణి లేచింది. ఇరవై ఆరేళ్ళది, మోకు జట్టులో తాతారావు కిందే పని. ఆయన వైపు చూడకుండా నాతో మాట్లాడింది.

“మాయన్న పన్నెండో తెప్ప మోకు ఒగ్గలేదు. దాని మీద ఒక్క మనిషి లేడప్పా. ఖాళీ తెప్ప. మంగ ఎప్పుడూ ఒగ్గదని సిన్నప్పట్నించీ సదివేడు. మోకుతో పాటే ఎల్లిపోనాడు.”

2904 వచ్చింది ఆ పిల్లవాడు పోయిన నెలకే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాను. సలహాల్లో ఒక్కటి కూడా ఆ ఇద్దరికీ సరిపోదని అప్పుడు తట్టింది. ఆయన తల్లి కోత వల్ల పోయి ఉండవచ్చు. ఈమె అన్న కట్టు వల్ల పోయాడు.

24వ వారం, ఆదివారం

తెలివిగా చేశాననుకున్నాను. 3144లో మంగ తలకు దెబ్బ తగిలింది, గతం మరిచిపోయింది. కోసిందో లేదో ఆమెకే తెలియదు. ఇంక ఎవరూ నన్ను ఏమీ అనలేరనుకున్నాను.

ఆరు వందల నలభై తిరిగొచ్చాయి. ఈసారి రెండు వైపుల నుంచీ. మరిచిపోయిందంటే కోసిందనే కదా అన్నారు కట్టు వాళ్ళు. కోసి మరిచిపోవడం పిరికి పని అన్నారు కోత వాళ్ళు. మా తెప్ప మీద నీళ్ళు పట్టే గవరమ్మ అత్త, ఎనభై దాటిన మనిషి, కాపీని నా చేతిలో పెట్టి, ఇది నీకే నచ్చలేదు కదే అంది. అబద్ధం ఆడలేకపోయాను.

25వ వారం, శనివారం

ఇవాళ పొద్దున తుపాను సాధన. మూడు పొట్టి కూతలు వేస్తే మోకు వదలాలి. పోయినేడు అవే కూతలకు బిగించాలి. మార్పు 3143 చివరి పేజీలో వేశాం. తొమ్మిదో మోకు దగ్గర ఎనిమిది మందిలో అయిదుగురు ఆ సంచిక విప్పలేదు. కూత వినగానే ముగ్గురు వదిలారు, అయిదుగురు లాగారు. మధ్యలో ఉన్న బంగార్రాజు కుడిచేతి రెండు వేళ్ళు దిమ్మకూ మోకుకూ మధ్య నలిగిపోయాయి.

వల అల్లి బతికే మనిషి. ముగ్గురు పిల్లలు.

వాళ్ళు కావాలని వదిలారని కట్టు వాళ్ళు, వాళ్ళు కావాలని లాగారని కోత వాళ్ళు. సాయంత్రానికి జట్టు రెండుగా చీలింది. ఇంక ఒకే మోకు మీద చెయ్యి వేసేది లేదని తేల్చి చెప్పారు. ఎనిమిది చేతులు ఒక్కటిగా కదలకపోతే ఏ మోకూ కదలదు.

వరాలమ్మ ఈసారి కూర్చోలేదు. 3150 వరకే గడువంది. ఆ తర్వాత అచ్చు ఆపేసి, ఉన్న నాచు కాగితంతో కూతల పట్టికలు మాత్రం వేసి గోడలకు అంటిస్తానంది. అంటించినవి ఎవరు చదువుతారని అడిగాను. నీ బొమ్మలు మాత్రం ఎవరు చదువుతున్నారని అడిగింది.

బంగార్రాజు ఇంటికి వెళ్ళాను. నిద్రలో ఉన్నాడు. భార్య తలుపు దగ్గరే నిలబడి నన్ను లోపలికి రమ్మనలేదు. నేనూ అడగలేదు.

26వ వారం, మంగళవారం

సింహాచలం మాస్టారు మా పంతొమ్మిదో తెప్ప మీదే, బొమ్మల గదికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఉంటారు. అరవై ఏళ్ళ సంచికలకు చేత్తో గీసిన అసలు బొమ్మలన్నీ ఆ బొమ్మల గదిలోనే ఉన్నాయి. అచ్చు కాపీలు ఊరంతా తిరిగి నాచులో కలిసిపోతాయి, ఇవి మాత్రం కదలవు.

2904 ఎలా గీశారని అడిగాను. ఒక్క రోజులో గీశానన్నారు. సత్యవేణి అన్న శవం దొరకలేదని తెలిసిన రోజట. ఆ పిల్లవాడికి ముడి నేర్పింది తన బొమ్మలేనని, వదలడం మాత్రం నేర్పలేదని ఆ రోజంతా అనుకుంటూ గీశారట.

“తప్పు గీసేరా మాస్టారూ?”

నన్నే ఆ బొమ్మలు తీసి చూడమన్నారు. తీశాను. మంగ ముఖం పేజీ నిండా ఉంది. చెమట, కన్నీళ్ళు, గొడ్డలి పట్టిన వేళ్ళు, అన్నీ ఉన్నాయి. కొట్టుకుపోతున్న తెప్ప మాత్రం దూరంగా, అగ్గిపెట్టెంత. దాని మీద నలభై చుక్కలు.

“ముఖాలు గియ్యలేకపోనానమ్మా,” అన్నారాయన. “గీస్తే ఆ పేజీ అవ్వకపోను.”

ఊరంతా నాలుగున్నరేళ్ళుగా మంగ చెయ్యి గురించే కొట్టుకుంటోంది. పద్నాలుగేళ్ళు ఆ పుస్తకంలో మాటలు రాసిన నేను కూడా ఆ చుక్కల్లో ఒక్కరి పేరేమిటని అడగలేదు.

27వ వారం, శుక్రవారం

తాతారావు దగ్గరికి మోకుల కొట్టుకు వెళ్ళాను. ఏడో తెప్ప మీద ఎవరెవరుండేవారో చెప్పమన్నాను. బొమ్మల్లో వేస్తానన్నాను. ఆయన మోకు మీది గుల్లలు గీకుతూనే ఉన్నాడు. వద్దన్నాడు. సరేనని లేచాను. మోకు చివరి దాకా గీకాక, వెనక్కి తిరక్కుండానే ఒక్కొక్కరి పేరు చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై ఎనిమిది పేర్లు చెప్పాడు. మిగిలిన ఇద్దరి పేర్లు రాక కోపం తెచ్చుకున్నాడు, తన మీద. వాళ్ళమ్మ పేరు ఎల్లారమ్మ. ఆ రోజు ఆమె చుట్టం ఇంటికి ఎండుచేపల పులుసు పట్టుకుని ఏడో తెప్ప మీదికి దాటిందట. గంటలో రావాల్సిన మనిషి.

సత్యవేణిని అడగడం ఇంకా కష్టమైంది. వాళ్ళన్నను ఏడో తెప్ప మీద పెట్టవచ్చా అని అడిగాను. పేరు మారుస్తాను, కాలం కుదరదు, కానీ మోకు వదలని మనిషి ఒకడు అక్కడ ఉండాలి అన్నాను. ఆమె నన్ను తినేసేలా చూసింది. తర్వాత, వాడు పని చేస్తూ ముక్కుతో కూనిరాగం తీస్తాడని, పాట ఎప్పుడూ సగంలో ఆపేస్తాడని, అది తనకు తిక్క తెప్పించేదని చెప్పింది. అది వెయ్యమంది.

28వ వారం, ఆదివారం

3148 శుక్రవారం బయటికి వెళ్ళింది. ‘ఏడో తెప్ప’, మొదటి భాగం. అరవై ఒక్క ఏళ్ళలో మంగ లేని మొదటి సంచిక ఇదే.

కథ మోకు తెగిన క్షణంలో మొదలవుతుంది. తెప్ప మీది వాళ్ళకు కనిపించేది నీళ్ళలోంచి ఒక్కసారిగా వదులుగా వచ్చిన మోకు కొస. కోసిందో తెగిందో చీకట్లో, వానలో తెలియదు. ఒకడు ఆ కొస పట్టుకుని వేళ్ళతో తడుముతుంటాడు. పులుసు గిన్నెతో వచ్చిన ఒకావిడ అతని చేతిలోంచి అది లాగేసి, ముందు పిల్లల్ని లెక్కపెట్టు అంటుంది. ఆమె ముఖం నేను గీయలేదు. వెనక నుంచి గీశాను, కొంగు నడుముకు దోపి. ఆవిడ ఎలా ఉండేదని తాతారావును అడగడానికి ధైర్యం చాలలేదు.

ముప్పై ఒక్క కాపీలు తిరిగొచ్చాయి. ముప్పై ఒకటే. మిగతావన్నీ ఇళ్ళలో ఉన్నాయి. కొత్తది తీసుకోవడానికి కూడా పాతది ఇచ్చేది లేదంటున్నారు. వాళ్ళు బతుకుతారా అని దారిలో ఆపి అడుగుతున్నారు. అడిగినవాడు కట్టో కోతో తెలియడం లేదు.

తాతారావు రాలేదు. మనిషితో కబురు పెట్టాడు, మాయమ్మను చంపుతావా అని. ఇంకా తెలియదని జవాబు పంపాను. అది నిజం.

29వ వారం, శనివారం

3149లో తెప్ప మీది వాళ్ళు విరిగిన పలకల్ని తాళ్ళతో కడతారు. చీకట్లో ఒకరికొకరు కనబడరు కాబట్టి కూతలతో పని చేసుకుంటారు. ఒక పొడుగు కూతకు బిగించు, మూడు పొట్టి కూతలకు వదులు, రెండు పొడుగు కూతలకు అటు దాటు. ఈ సంవత్సరం కూతలే. చివరి పేజీ విడిగా వెయ్యలేదు. కథే ఆ పేజీ. బడి పిల్లలు నిన్న సాయంత్రం వంతెనల మీద నోటితో ఆ కూతలు వేస్తూ అటూ ఇటూ దాటుతుంటే వరాలమ్మ నిలబడి చూసింది.

మధ్యాహ్నం సత్యవేణి వచ్చింది. కోపంగా ఉంది. మోకు ఎవరు కోశారో చెప్పకుండా ఎన్నాళ్ళు దాటేస్తావని నిలదీసింది. ఎవరి మనసూ నొప్పించకూడదనే ఆ చీకటి గీశావంది. ఆ మాట నాకు తగిలింది, ఎందుకంటే కొంత నిజం. తెప్ప మీది వాళ్ళకు నిజంగానే తెలియదు కదా అన్నాను. మనకు తెలియాలి కదా అంది. మోకు జట్టు ఇప్పటికీ రెండుగానే ఉందని, పుస్తకం చదివినంత మాత్రాన చేతులు కలవవని చెప్పి వెళ్ళిపోయింది.

30వ వారం, గురువారం. ఇది శనివారం రాస్తున్నాను.

తుపాను వారం ముందే వచ్చింది.

దూరంగా నీటి మీద తేలే బోయాల నుంచి పొద్దున ఎనిమిదింటికి హెచ్చరిక అందింది. నాలుగు గంటల వ్యవధి. పదకొండుకే మొదటి పెద్ద అలలు తగిలాయి. మా పంతొమ్మిదో తెప్ప ఊరికి నైరుతి అంచు. పన్నెండున్నరకు దాని కింది తేలుడు డబ్బాలు వరసగా పగిలాయి, పిడుగులు పడ్డట్టు. తెప్ప ఒక వైపుకు వాలింది. రెండు పొడుగు కూతలు పడ్డాయి. మేం ముప్పై ఒక్కరం పద్దెనిమిదో తెప్ప మీదికి దాటాలి. నేను గవరమ్మ అత్తను వీపున వేసుకున్నాను. బొమ్మల గది తలుపు తెరిచే ఉంది. ఒక కట్ట అయినా తీసుకోవచ్చు. చేతులు ఖాళీ లేవు. ఈ పనిపుస్తకం నడుముకు కట్టుకుని ఉండబట్టి మిగిలింది.

మేం దాటాక వంతెన విరిగిపోయింది. రెండు తెప్పల మధ్య పెద్ద మోకు ఒక్కటే మిగిలింది. మునుగుతున్న మా తెప్ప దాంతో పద్దెనిమిదో తెప్పను కిందికి లాగుతోంది. పద్దెనిమిది మీద బడి ఉంది. బడిలో రెండు వందల మంది తలదాచుకున్నారు.

మోకు దగ్గర తాతారావు, సత్యవేణి, ఇంకో ఏడుగురు. కట్టు, కోత అని ఏరుకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు. దగ్గరున్నవాళ్ళు వచ్చారు. గొడ్డలి సత్యవేణి చేతిలో ఉంది. కొయ్యమనాల్సింది మోకు పెద్ద. ఆయన అనడం లేదు. మోకు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. నేను ఎప్పటికీ మరిచిపోలేని ముఖం అది.

“ఎంతమంది?” అని నన్ను అడిగాడు.

లెక్కపెట్టాను. ముప్పై మంది. మళ్ళీ లెక్కపెట్టాను. సింహాచలం మాస్టారు లేరు.

తాతారావు నడుముకు సన్నతాడు కట్టుకుని, రెండో కొస జట్టుకిచ్చి, మోకు పట్టుకుని వేలాడుతూ అవతలికి వెళ్ళాడు. అలలు రెండుసార్లు ఆయన్ని కప్పేశాయి. బొమ్మల గదిలోంచి మాస్టారిని బయటికి లాగడం కనిపించింది. మాస్టారి చేతుల్లో కాగితాల కట్ట ఉంది. తాతారావు దాన్ని లాగి పారేశాడు. తన నడుము తాడు విప్పి ముసలాయనకు కట్టాడు. జట్టు లాగింది. మాస్టారు మా వైపు చేరేసరికి ఒళ్ళంతా చల్లగా ఉంది, ఊపిరి ఉంది.

తాతారావుకు ఇప్పుడు తాడు లేదు. మా కాళ్ళ కింద పద్దెనిమిదో తెప్ప అంచు మునిగి నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. వెనక బడిలోంచి ఏడుపులు. అవతల నుంచి ఆయన గొంతు గాలిలో ముక్కలు ముక్కలుగా వినిపించింది.

“కొయ్యి. సత్తివేణీ, కోసెయ్యి.”

నాలుగున్నరేళ్ళుగా కొయ్యాలి, కొయ్యాలి అన్న పిల్ల గొడ్డలి నడుముకు దోపుకుంది. మోకును భుజం మీద వేసుకుని కాళ్ళు తన్ని పెట్టింది.

“ఇంకా ఒకరున్నారు,” అంది. అరవలేదు. పక్కనున్న నాకు వినబడింది.

సన్నతాడు నన్ను విసరమంది. మొదటిసారి గాలికి వెనక్కి వచ్చింది. రెండోసారి నీళ్ళలో పడింది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. జట్టులో ఒకాయన, కట్టు పక్షం వాడే, కొయ్యవే అందరం పోతాం అని ఏడ్చాడు. ఏడుస్తూనే మోకు వదల్లేదు. మూడోసారి తాడు అందింది. తాతారావు దాన్ని చంకల కింద చుట్టుకుని నోట్లో వేళ్ళు పెట్టి మూడు పొట్టి కూతలు వేశాడు. ఎనిమిది మంది ఒక్కసారిగా మోకు వదులు చేశారు. ఒక్కరు కూడా లాగలేదు. ఆయన నీళ్ళలోకి దూకాడు. అప్పుడు సత్యవేణి గొడ్డలి తీసింది.

పంతొమ్మిది దెబ్బలు పట్టింది. మోకు కొస ఎగిరి ఆమె భుజాన్ని కొట్టింది, భుజం జారిపోయింది. పద్దెనిమిదో తెప్ప ఒక్క కుదుపుతో పైకి లేచింది. తాతారావును లాగాం. కుడికాలు విరిగి ఉంది.

పంతొమ్మిదో తెప్ప వెళ్ళిపోయింది. లోపల దీపం ఇంకా వెలుగుతోంది. అచ్చు యంత్రం, సిరా, మూడో భాగం, అరవై ఏళ్ళ మంగ, అన్నీ దాని మీదే. కనిపించినంతసేపు చూశాను. తర్వాత గవరమ్మ అత్త చలికి వణుకుతుంటే ఆమెను బడిలోకి తీసుకెళ్ళాను.

31వ వారం, సోమవారం

ఊళ్ళో ఎవరూ పోలేదు. పదకొండు మందికి ఎముకలు విరిగాయి. ఇదివరకు ఏ పెద్ద తుపానూ మనుషుల్ని తీసుకోకుండా వెళ్ళలేదని వరాలమ్మ సభలో చెప్పింది. పత్రిక సంగతి ఎత్తలేదు. 3150 గడువు దానంతటదే దాటిపోయింది.

గొడవ ఆగిందని రాస్తే అబద్ధమవుతుంది. సత్యవేణి చేసింది కట్టా, కోతా అని వలల షెడ్డులో పొద్దుటి నుంచి వాదించుకుంటున్నారు. ఎంతసేపు పట్టుకుంది, ఎన్ని దెబ్బలు కొట్టింది అని లెక్కలు తీస్తున్నారు. ఆమె భుజానికి కట్టు కట్టుకుని అదే షెడ్డులో మూలన కూర్చుని వింటోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. కానీ ఈసారి నడవడానికి మధ్యలో దారి లేదు. చిరిగిన వలలు బాగు చేయడానికి అందరూ కలగలిసి కూర్చున్నారు. వాదనలోనే కొందరు పాత సంచికలు గుర్తు చేసుకుంటున్నారు. మంగ షార్కును ముడేసిన కథలో ముడి ఏదన్న దాని మీద కట్టు వాళ్ళలోనే రెండు పక్షాలయ్యాయి.

పాత తెరచాప గుడ్డ ఒకటి అడిగి తీసుకున్నాను. షెడ్డు గోడకు కట్టి, బొగ్గుతో మూడో భాగం మొదలుపెట్టాను. మాస్టారు వెనక కూర్చుని చేతులు వణుకుతున్నా గీతలు సరిదిద్దుతున్నారు.

మధ్యాహ్నం తాతారావును మంచంతో సహా మోసుకొచ్చారు. గుడ్డ మీద పులుసు గిన్నె ఆవిడ అప్పటికీ వెనక్కి తిరిగే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. చంపుతావో బతికిస్తావో నీ ఇష్టం, ముందు ముఖం గియ్యి అన్నాడు. ఎలా ఉండేదో చెప్పమన్నాను. చేతులు గుర్తున్నాయట, గొంతు గుర్తుందట. ముఖం పోయింది. నలభై నాలుగేళ్ళు.

వలల మధ్య నుంచి గవరమ్మ అత్త లేచింది. ఆమె కోత పక్షం. నాలుగున్నరేళ్ళుగా తాతారావుతో మాట లేదు.

“ఎల్లారమ్మ నాకు తెలీదేటి,” అంది. “ముక్కు కొంచెం ఎడమకుంటాది. నుదురు సిన్నది. ఎవులేటన్నా ముందు కళ్ళు సికిలించి, అప్పుడు నవ్వుతాది.”

గీశాను. అత్త కాదంది. చెరిపి గీశాను. చెంపలు ఇంకా నున్నగా, ఇంకా గుండ్రంగా అంది. మూడుసార్లు చెరిపాను. నాలుగోసారి అత్త బొగ్గు నా చేతిలోంచి తీసేసుకుంది. షెడ్డులో వాదన ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

తాతారావు మంచం మీద మోచేతులు ఆనించి లేచి చూశాడు. గుడ్డ మీది మనిషికి ముప్పై కూడా ఉండవు. సత్యవేణి పక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్ళంటారు.

“ఇంత సిన్నపిల్లా?” అన్నాడు.